గిన్నెలో గోల్కొండ

పాత నాణేల దుకాణంలో అద్దాల బల్ల కింద మెరిసేవి అందరికీ కనిపిస్తాయి. చవకగా దొరికే అసలైన సరుకు బల్ల చివర గిన్నెలో ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే జేబులో డబ్బుకంటే కళ్లలో చదువు ఎక్కువ ఉండాలి.

నాణేలు అమ్మే దుకాణం ఏ ఊళ్లో చూసినా అమరిక దాదాపు ఒకటే. ముందు అద్దాల బల్ల. అందులో మఖమల్ గుడ్డ మీద రాణీ బొమ్మ రూపాయలు, రాజు బొమ్మ రూపాయలు, చివర్లో 786 అంకె ఉన్న నోట్లు, పెట్టెల్లో స్మారక నాణేల సెట్లు. బల్ల చివర, తూకం మిషను పక్కన ఒక స్టీలు గిన్నె కానీ పాత బిస్కెట్ల డబ్బా కానీ ఉంటుంది. అందులో రాగి, ఇత్తడి, నికెల్, అల్యూమినియం అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఏది తీసుకున్నా ఒకటే ధర. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు అద్దాల బల్ల ముందు నిలబడతారు. ఈ పనిలో ముదిరినవాళ్లు స్టూలు లాక్కొని గిన్నె ముందు కూర్చుంటారు.

హైదరాబాద్‌లో ఈ గిన్నెలకు కొదవ లేదు. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో చిన్న కొట్లున్నాయి, గుడ్డ పరిచి నాణేలు పోసుకుని కూర్చునేవాళ్లున్నారు. గురువారాల జుమ్మేరాత్ బజార్‌లో, ఆదివారాల ఎర్రగడ్డ సంతలో ఇత్తడి సామాను, పాత గడియారాల మధ్య నాణేలు కూడా వస్తుంటాయి. ఈ ఊరికి తన సొంత టంకశాల ఉంది, తన సొంత రూపాయి ఉండేది. ఆ రూపాయి పేరు ఉస్మానియా సిక్కా. ఏడు ఉస్మానియా రూపాయలు ఆరు భారత రూపాయలకు సమానంగా చెల్లేవి. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసిపోయాక కూడా ఆ డబ్బు వెంటనే పోలేదు. పూర్తిగా రద్దయింది 1959లో. అంటే ఇక్కడి తాతమ్మల ట్రంకు పెట్టెల్లో రెండు రాజ్యాల చిల్లర పక్కపక్కనే ఉండేది. ఆ పెట్టెలు ఖాళీ చేసినప్పుడల్లా అందులోవి ఈ గిన్నెల్లోకి చేరుతుంటాయి.

గిన్నెలో మంచివి ఎందుకు మిగులుతాయన్నది తెలిస్తే వెతకడం సగం సులువవుతుంది. దుకాణదారుడు అమాయకుడు కాడు. వెండి ధర అతని ఫోనులో ప్రతి పూటా మారుతూనే ఉంటుంది. అయితే అతని దగ్గర లేనిది తీరిక. ఒక ఇంటి నుంచి రెండు కిలోల చిల్లర కొంటే, వెండి ముందు వేరు చేస్తాడు. తర్వాత అడిగేవాళ్లున్న సరుకు తీస్తాడు. పుట్టినరోజు తేదీ నోట్లు, 786 నోట్లు, కానుకగా ఇవ్వడానికి పనికొచ్చే సెట్లు. కొట్టు అద్దె వాటి మీదే గడుస్తుంది. మిగిలిన రాగి నాణేలను ఒక్కొక్కటీ భూతద్దం కింద పెట్టి, సంవత్సరం చదివి, కేటలాగు తిప్పితే అతనికి గంట పడుతుంది, ఆ గంటకు వచ్చే లాభం పాతికో పరకో. ఆ గంట మనం పెట్టాలి. చవక బేరం అంటే నా దృష్టిలో ఇదే. అమ్మేవాడు చదవకుండా వదిలేసిన దాన్ని కొనేవాడు చదవడం. గీచి గీచి బేరమాడి పది రూపాయలు తగ్గించుకోవడం దీని ముందు చాలా చిన్న విషయం.

పది అంకెల చదువు

దక్కనులో నాణేలు సేకరించేవారు మొట్టమొదట నేర్చుకోవలసింది ఫారసీ అంకెలు. లిపి మొత్తం అక్కర్లేదు, పది అంకెలు చాలు, ఒక సాయంత్రం పని. ఒకటి నిలువు గీత. సున్నా ఒట్టి చుక్క. అయిదు గుండ్రంగా ఉండి మన సున్నాలా కనిపిస్తుంది, కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది దీని దగ్గరే. ఆరు చూడ్డానికి ఇంగ్లిషు ఏడులా ఉంటుంది. ఏడు పైకి తెరుచుకున్న గరాటు, ఎనిమిది దాన్ని బోర్లించిన రూపం. అంకెలు ఎడమ నుంచి కుడికే చదవాలి.

అలా చదివితే దొరికేది హిజ్రీ సంవత్సరం. దానిలో నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలిపితే మన లెక్కకు దగ్గరగా వస్తుంది. 1330 అని ఉంటే నలభై తీసేయండి, 1290. దానికి 622 కలిపితే 1912. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన మరుసటి ఏడు.

ఈ చదువుకు మొదటి ఫలం చార్మినార్ రూపాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హిజ్రీ 1321 ప్రాంతం నుంచి, అంటే 1903 నాటి నుంచి హైదరాబాద్ నాణేల మీద చార్మినార్ బొమ్మ వచ్చింది. సైఫాబాద్‌లో యంత్రాలతో కొత్త టంకశాల నడవడం మొదలైందీ ఆ ఏడాదే. సుత్తితో కొట్టిన మందపాటి బిళ్లలు వాడిన జనం చేతికి గుండ్రటి, అంచు తీరిన, కట్టడం బొమ్మ ఉన్న రూపాయి వచ్చింది. బ్రిటిష్ ఇండియా రూపాయి మీద చక్రవర్తి ముఖం ఉంటే ఈ రూపాయి మీద ఊరి గుమ్మం ఉంది. ఆ ఎంపికలోని ఠీవి నన్నెప్పుడూ ఆకట్టుకుంటుంది.

ఆ గుమ్మం మధ్యలో ఒక అక్షరం ఉంటుంది, భూతద్దం పెట్టి చూడాలి. మహబూబ్ నాణెమైతే ఆయన పేరులోని మొదటి అక్షరం మీమ్, ఉస్మాన్ నాణెమైతే ఐన్. మీమ్‌కు గుండ్రటి తల, కిందికి తోక. ఐన్ నోరు తెరిచిన వంపు. మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో కన్నుమూశారు. అది హిజ్రీ 1329. కాబట్టి 1329 కనబడితే గుమ్మంలో ఏ అక్షరం ఉందో చూడకుండా పక్కన పెట్టకూడదు. ఉస్మాన్ తొలి రూపాయల్లో ఐన్ అసంపూర్తిగా, పొట్టిగా ఉంటుంది. తర్వాతి వాటిలో నిండుగా ఉంటుంది. కేటలాగులు ఈ రెంటినీ వేర్వేరు రకాలుగా లెక్కిస్తాయి. చాలా కొట్లలో అన్నీ ఒకే కట్టలో, ఒకే ధరకు ఉంటాయి. నిండు ఐన్ ఉన్నవి తిరగేస్తూ పోతే మధ్యలో పొట్టి ఐన్ తగిలినప్పటి సంతోషం అనుభవించినవారికే తెలుస్తుంది.

రూపాయి దొరక్కపోయినా నష్టం లేదు. ఇవే బొమ్మలతో అర్ధరూపాయి, పావలా, బేడా ఉన్నాయి. బేడా బరువు గ్రామున్నరకు కొంచెం తక్కువ. నల్లబడిపోయి అల్యూమినియం అయిదు పైసల మధ్య పడి ఉంటే ఎవరూ పట్టించుకోరు. గోటి మీద పెట్టుకుని దీపం వైపు తిప్పితే చార్మినార్ కనిపిస్తుంది.

శుభంగా ముగిసిందని రాసుకున్న నాణెం

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. హైదరాబాద్ గిన్నెల్లో తరచుగా కనిపించేవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అబ్దుల్లా కుతుబ్ షా రాగి నాణెం. మందంగా, వంకరటింకరగా, చివర్లు పగిలి ఉంటుంది. మీద బొమ్మ లేదు, అక్షరాలే. ఒకవైపు శుభంగా, సౌభాగ్యంతో ముగిసింది అని అర్థం వచ్చే అరబ్బీ మాటలు. రెండో వైపు టంకశాల పేరు, హిజ్రీ 1068. అంటే 1658 ప్రాంతం.

ఒక రాజ్యం తన డబ్బు మీద ముగింపు గురించి రాసుకోవడం ఎక్కడైనా అరుదే. 1636లో అబ్దుల్లా షాజహాన్ ఆధిపత్యాన్ని ఒప్పుకున్నాడు. 1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండ కోటలోకి వచ్చాయి. ఆ రెంటి మధ్య ఈ రాగి బిళ్ల కూరగాయల కొట్టు నుంచి సాలె మగ్గం దాకా చేతులు మారింది. దానిమీద ఉన్న 1068 అచ్చు వేసిన ప్రతి ఏడాదికీ మారలేదు. ఒకే తేదీతో ఏళ్ల తరబడి కొట్టారు. అందుకే ఇవి ఇన్ని మిగిలాయి, అందుకే ఇంత చవక.

ఈ నాణేలు కొనడంలో ఒక కిటుకుంది. అచ్చు పెద్దది, రాగి ముక్క చిన్నది. అందువల్ల ఏ ఒక్క నాణెం మీదా మొత్తం రాత పడదు. ఒకదానిమీద తేదీ వస్తే మరోదానిమీద ఊరి పేరు వస్తుంది, ఇంకోదానిమీద పై వరస మాటలు వస్తాయి. రాత దాదాపు పూర్తిగా పడిన ఒక్క నాణేనికి దుకాణదారుడు మంచి ధరే చెబుతాడు. సగం సగం రాత ఉన్నవాటిని గిన్నెలో వేస్తాడు. తలా ఒక భాగం స్పష్టంగా పడిన మూడు నాలుగు నాణేలు ఏరి పక్కపక్కన పేర్చితే రాత మొత్తం మన కళ్ల ముందుంటుంది. ఖర్చు ఆ ఒక్క నాణెం ధరలో చిన్న భాగమే. చదువుకోవడానికి నిజానికి ఇవే మేలు. రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున మొహమ్మద్ అబ్దుల్ వలీ ఖాన్ కుతుబ్ షాహీ నాణేల మీద కూర్చిన కేటలాగు, ఎం.రామారావు శాతవాహన నాణేల మీద కూర్చిన కేటలాగు లాంటి పాత పుస్తకాలు ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల మధ్య ఎప్పుడైనా కనబడితే వదలొద్దు. నాణెం కంటే ముందు పుస్తకం కొనమని ఈ రంగంలోని పెద్దలు చెప్పే మాట అక్షరాలా నిజం. పరమేశ్వరీ లాల్ గుప్తా నేషనల్ బుక్ ట్రస్టుకు రాసిన నాణేల పుస్తకం చిన్నది, చవకది. మొదటి పుస్తకంగా దాన్ని మించింది నేను చూడలేదు.

తెలుగు చదవడమూ ఇక్కడ పనికొస్తుంది. ఈస్టిండియా కంపెనీ 1807-08 ప్రాంతంలో మద్రాసులో కొట్టిన వెండి నాణేల మీద తెలుగు అక్షరాలున్నాయి. అర వరహా, పావు వరహాల మీద ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణువు, చుట్టూ తమిళం, తెలుగు. అవి అద్దాల బల్ల సరుకే, ధర గట్టిగానే ఉంటుంది. అదే కాలపు చిన్న ఫణాలు మాత్రం అరిగి, నల్లబడి, ఏ దేశానివో తెలియని చిల్లరలో కలిసిపోతుంటాయి. అరిగిన అంచున ఒక్క తలకట్టు కనిపించినా చెయ్యి ఆగాలి.

వెండి లెక్క నోటికి రావాలి

రాగి సంగతి అలా ఉంచి వెండికి వస్తే, అక్కడ బేరం అంకెల మీద నడుస్తుంది. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు. సరిగ్గా ఒక తులం. మన కంసాలులు రూపాయి బిళ్లనే తూకపురాయిగా వాడింది అందుకే. అందులో వెండి నూటికి 91.67 పాళ్లు, అంటే 10.69 గ్రాముల స్వచ్ఛమైన వెండి. హైదరాబాద్ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్లు, స్వచ్ఛమైనది 9.14 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే, 5.83 గ్రాములు. 1947 తేదీ ఉన్న రూపాయిలో వెండి లేనే లేదు, అది నికెల్. అయస్కాంతం దగ్గర పెడితే అతుక్కుంటుంది. 1969లో గాంధీ శతజయంతికి వచ్చిన పది రూపాయల బిళ్ల 15 గ్రాములు, వెండి 80 పాళ్లు, అంటే నికరంగా 12 గ్రాములు.

ఈ అయిదు అంకెలూ గుర్తుంటే ఆ పూట వెండి గ్రాము ధరతో గుణించి ఏ బిళ్ల కరిగిస్తే ఎంతో క్షణంలో తేల్చవచ్చు. వెండి ఒక్కసారిగా పెరిగినప్పుడు గాంధీ పది రూపాయలకు పాత ధర చీటీయే అంటుకుని ఉండటం చూస్తాం. ఆరో జార్జి సగం వెండి రూపాయిని విక్టోరియా రూపాయి ధరకు అంటగట్టడం కూడా చూస్తాం. ధన త్రయోదశి, దీపావళి ముందు పాత వెండి రూపాయి కోసం జనం ఎగబడతారు. పూజలో పెట్టడానికి రాణీ బొమ్మ కావాలంటారు. సేకరించేవారికి అది కొనే కాలం కాదు. పండగలు వెళ్లాక, పెళ్లిళ్ల సందడి తగ్గాక అవే కొట్లకు వెళ్తే దుకాణదారుడికీ తీరిక, మనకీ తీరిక.

కొక్కెం అతికిన నాణేల గురించి ఒక మాట. లంబాడీ నగల్లో, పాత దండల్లో రూపాయలు, అర్ధరూపాయలు గుచ్చి వాడారు. ఆ నగలు విప్పినప్పుడు వచ్చే బిళ్లలకు అంచున అతుకు మచ్చ ఉంటుంది, కొన్నిటికి చిల్లు ఉంటుంది. వీటిని వెండి ధరకే ఇస్తారు. అమ్ముకుందామనుకునేవారికి ఇవి పనికిరావు. బొమ్మలూ సంవత్సరాలూ చదువుకుందామనుకునేవారికి ఇంతకంటే మంచి బేరం లేదు. 1862 తేదీ ఉన్న విక్టోరియా రూపాయి ఇందుకు ఉదాహరణ. ఆ తేదీతోనే ఏళ్ల తరబడి కొట్టి, ఏ ఏడాదిదో తెలియడానికి తేదీ దగ్గర, పువ్వు దగ్గర చిన్న చుక్కలు పెట్టారు. చుక్కల లెక్కను బట్టి కొన్ని మామూలువి, కొన్ని అరుదైనవి. మేజర్ ఫ్రెడ్ ప్రిడ్‌మోర్ ఈ చుక్కల రకాలను ఓపిగ్గా వర్గీకరించి పుస్తకంలో పెట్టాడు. కొక్కెం ఉన్న రూపాయి మీదా చుక్కలు చుక్కలే.

చేతిలో తప్పకుండా ఉండాల్సినవి మూడు. పది రెట్లు చూపించే భూతద్దం, గ్రాములో నూరో వంతు దాకా తూచే చిన్న తూకం, అయస్కాంతం. ఇంటికి తెచ్చాక చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్ జోలికి పోవద్దు. వందేళ్లపాటు గాలి తగిలి ఏర్పడిన పొర నాణేనికి రక్షణ, దాని వయసుకు సాక్ష్యం. తోమి మెరిపించిన నాణేన్ని తెలిసినవాళ్లు తక్కువ ధరకే అడుగుతారు. మెత్తటి పీవీసీ కవర్లు కూడా వద్దు, కొన్నేళ్లకు వాటిలోంచి పచ్చటి జిగురు దిగి రాగిని తినేస్తుంది.

రామమాడలు, బియ్యం లాగే బిళ్లలు

చవకలో ఉండే ప్రమాదం నకిలీ. మన ప్రాంతంలో దానికి భక్తి తోడయింది. భద్రాచలం రామదాసు అప్పు తీర్చడానికి రామలక్ష్మణులే తానీషాకు చెల్లించారన్న రామమాడల కథ తెలియని తెలుగువారు లేరు. ఆ కథ చెబుతూ పట్టాభిషేకం బొమ్మ ఉన్న బిళ్లలు అమ్ముతారు. ఆలయాల దగ్గర పూజ కోసం తయారైన టంకాలు నిజంగానే ఉన్నాయి, వాటిని వాటి విలువకు ఇష్టపడి సేకరించేవాళ్లూ ఉన్నారు. అవి ఏ కాలంలోనూ చెలామణిలో ఉన్న డబ్బు కావు. ఇక ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1616, 1717, 1818, 1839 లాంటి తేదీలు, రెండోవైపు రాముడు, హనుమంతుడు, తామరపువ్వు ఉన్న రాగి బిళ్లలు పూర్తిగా కల్పితం. కంపెనీ ఏనాడూ రాముడి బొమ్మతో నాణెం వెయ్యలేదు. ఈ బిళ్లల్నే చూపించి బియ్యాన్ని లాగే శక్తి ఉందని, ఇరిడియం ఉందని, కోట్లకు కొనేవాళ్లున్నారని రైస్ పుల్లింగ్ ముఠాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో కుటుంబాలను ముంచాయి. పోలీసు కేసులు ఆగడం లేదు. మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా ఈ బిళ్ల ఉంటే, దాని విలువ అందులోని రాగి విలువ మాత్రమేనని వాళ్లకు ఈ వారమే చెప్పండి.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు, పది రూపాయల నాణేలకు లక్షలిస్తామన్న ప్రకటనలదీ ఇదే దారి. అవి 2012లో కోకొల్లలుగా చెలామణిలోకి వచ్చిన నాణేలు. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తన పేరు చెప్పి కమీషన్లు, పన్నులు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. తాను అలాంటి లావాదేవీలు చేయనని స్పష్టంగా చెప్పింది. కొనేవాడు ముందు మన దగ్గర రుసుము అడిగాడంటే అక్కడితో ఫోను పెట్టేయాలి.

నిపుణులు కూడా తడబడేలా చేసే నకిలీలు వేరే ఉన్నాయి. 1939 రూపాయి అరుదు, అందుకే దానికి దొంగ రూపాలు ఎక్కువ. 1939 రూపాయిలో వెండి 91.67 పాళ్లు. 1940 తర్వాత సగానికి పడింది, అంచు పనితనం కూడా మారింది. తేదీ చెక్కి మార్చగలరు గానీ లోహాన్నీ అంచునూ మార్చడం కష్టం. ఇలాంటి పెద్ద పేరున్న నాణెం గిన్నె ధరకు దొరికిందంటే సంతోషం కంటే అనుమానం ముందు రావాలి. బిల్లు ఇచ్చే కొట్లో, నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటానని మాటిచ్చేచోట, ఇంకొకరికి చూపించాకే కొనాలి.

కొట్టుతో స్నేహం

ఈ వేట అంతా దుకాణదారుడికి ఎదురుగా జరుగుతుంది. అతనితో మన తీరు బాగుండాలి. నాణేన్ని అంచులతో పట్టుకోవాలి, గుడ్డ మీదే పెట్టాలి. ధర తగ్గించుకోవడం కోసం సరుకును చిన్నబుచ్చకూడదు. చూసినంతసేపూ చూసి ఉత్త చేతులతో లేచిపోయేవాడికి రెండోసారి గిన్నె జరగదు. ఒక్కొక్కదానికీ విడిగా బేరమాడే బదులు ఏరినవన్నీ ఒక పక్కన పెట్టి చివర్లో అడగడం మంచిది.

"అన్నా, ఇవన్నీ కలిపి ఎంతకిస్తరు?"

"మీరు ఎప్పుడూ వచ్చేటోళ్లే గద సార్, మీరే చూసి ఇయ్యండి."

ఆ జవాబు రావడానికి కొంత కాలం పడుతుంది. వచ్చాక మాత్రం కొత్త సరుకు సంచీ విప్పకముందే మనకు ఫోను వస్తుంది. గిన్నెలోకి చేరకముందే రాగి మన ముందుంటుంది. ఏదైనా నాణెంలో ఏం చూశావని అతను అడిగితే చెప్పేయాలన్నది నా అభిప్రాయం. చెబితే వచ్చేసారి ధర పెంచుతాడన్న భయం అక్కర్లేదు. చెప్పినవాడికే అతను తన చదువు కూడా చెబుతాడు. తరాలుగా ఇదే పనిలో ఉన్న కుటుంబాలకు ఏ వెండి ఏ చప్పుడు చేస్తుందో, ఏ అచ్చు ఎక్కడ పగిలిందో తెలుసు. ఆ చదువు ఏ పుస్తకంలోనూ లేదు.

వ్యాపారికీ మనకూ మధ్య తెలివిలో తేడా ఉంటే అది న్యాయమైన బేరమే. రోజంతా కొని అమ్మడం అతని వృత్తి. అదే, తాత చనిపోయాక పెట్టె తెచ్చి మన ఎదుట పెట్టిన ఇంటి మనిషి దగ్గర ఆ తేడాను వాడుకోకూడదు. వాళ్లకు నాణెం పేరు చెప్పాలి, వెండి లెక్క చూపించాలి, న్యాయమైన ధర ఇవ్వాలి. లేదంటే అది మోసమే. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇంకొక గీత కూడా దాటకూడనిది. మట్టి వదలని నాణేలు ఒక్కసారిగా గుట్టగా, నమ్మలేనంత చవకగా వస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన నాణేలు పురావస్తువులు, వాటిని అనుమతి లేకుండా దేశం దాటించడాన్ని 1972 చట్టం నిషేధిస్తోంది. ఎన్నారై బంధువుకు సూట్‌కేసులో పెట్టి పంపేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. చట్టాన్ని పక్కనపెట్టినా, దొరికిన చోటు చెరిగిపోతే నాణెం మూగదవుతుంది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేల మీద గోబద, సమగోప, నారన లాంటి పేర్లు, శాతవాహన తొలి రాజు చిముకుడి పేరు కనిపించాయి. ఆ నాణేలు ఆ ఊళ్లోనే దొరికాయని రూఢిగా తెలియడం వల్లనే పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు తెలంగాణ తొలి చరిత్రను వాటి ఆధారంగా చర్చించగలిగారు. అవే నాణేలు ఎక్కడివో చెప్పని సంచీలో నగరానికి వచ్చి ఉంటే ఎవరో నలుగురి ఆల్బమ్‌లలో ముద్దుగా ఉండేవి, అంతే.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

పిల్లలతో కలిసి మొదలుపెట్టేవారికి నేను చూపించే దారి హైదరాబాద్ నక్షత్రం. మన నాణేల మీద సంవత్సరం కింద ఉండే గుర్తు ఏ టంకశాలదో చెబుతుంది. అయిదు మొనల నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. 1957లో నయా పైసలు వచ్చాయి, 1964లో నయా అన్న మాట పోయింది, 2011 జూన్ చివరితో పావలా, అంతకంటే చిన్నవి చెల్లకుండా పోయాయి. ఆ చెల్లని చిల్లర ఇప్పుడు గిన్నెల్లో అట్టడుగు ధరకు ఉంది. ఒక్కో పైసా రకంలో నక్షత్రం ఉన్న సంవత్సరాలన్నీ పూర్తి చెయ్యాలనుకుంటే ఏళ్ల తరబడి సరిపోయే పని, నెలకు ఒక సినిమా టికెట్టు ఖర్చు. సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు. పిల్లలను ముందు అక్కడికి తీసుకెళ్లి తర్వాత గిన్నె ముందు కూర్చోబెడితే, వాళ్లు అడిగే ప్రశ్నలకు మనమే పుస్తకం తిప్పాల్సి వస్తుంది.

ఇప్పటికే చార్మినార్ రూపాయల్లో చెయ్యి తిరిగినవారు మాత్రం సంస్థానాల వైపు చూడాలి. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో నిజాం దివాను మొదటి సాలార్ జంగ్ హాలీ సిక్కా అనే రూపాయితో టంకం పనిని హైదరాబాద్‌లో ఒకచోటికి తెచ్చేదాకా నిజాం రాజ్యంలో చాలాచోట్ల స్థానిక టంకశాలలు నడిచాయి. గద్వాల, వనపర్తి, నారాయణపేట పేర్లు నాణేల కేటలాగుల్లో విడిగా ఉన్నాయి. ఆ రూపాయల మీద ఉన్నది ఫారసీ రాతే, చాలావరకు మొఘలు చక్రవర్తి పేరే. అందువల్ల గిన్నెలో అవి మొఘలు చిల్లరగానో, నిజాం చిల్లరగానో కలిసిపోతాయి. వేరు చెయ్యాలంటే టంకశాల గుర్తు, రాతలో ఒకటి రెండు అక్షరాల తేడా పట్టుకోవాలి. అంత ఓపిక దుకాణదారుడికి ఉండదు, పెద్ద నగరాల వేలం సంస్థలకూ ఈ చిన్న ఊళ్ల మీద అంత ఆసక్తి లేదు. పాలమూరు జిల్లాలో పుట్టి, గద్వాల కోట గోడ చూస్తూ పెరిగి, ఇప్పుడు హైదరాబాద్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటున్న ఒక్కరు ఈ నాణేల మీద కూర్చుంటే చాలా పని జరుగుతుంది. సెలవుకు వచ్చినప్పుడు పాతబస్తీలో రెండు పూటలు గడపండి, అరిగిన ఫారసీ రూపాయలను పక్కకు పెట్టించండి, ప్రతిదాన్నీ తూచి, రెండువైపులా ఫొటో తీసి, ఎవరి దగ్గర కొన్నారో తేదీతో సహా రాసిపెట్టండి. మీ ఊరి టంకశాల మీద తెలుగులో మొదటి చక్కని కేటలాగు ఆ నోటుబుక్కు నుంచే రావచ్చు.